రెండో చరణంలో గొంతు

తొమ్మిదేళ్లుగా ఒక బరువు మోస్తున్నానండి. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

భీమవరం దగ్గర పల్లెటూరు మాది. కుర్రతనంలో మా లూథరన్ చర్చి తరఫున నలుగురం బ్యాండు పెట్టాం. మాలో పెద్దవాడు జయరాజన్నయ్య పాడేవాడు, నాది కీబోర్డు, మిగతా ఇద్దరివీ గిటారు, తబలా. ప్రార్థన కూటాలకి పిలిస్తే ట్రాక్టరెక్కి అయినా సరే వెళ్లిపోయేవాళ్లం. తర్వాత ఉద్యోగాలు, పిల్లలు, ఎవరి దారి వాళ్లది. ఇరవై రెండేళ్లకి మళ్లీ కలిశాం. అన్నయ్య రాసుకున్న ఎనిమిది పాటల్ని రాజమండ్రిలో ఒక స్టూడియోలో ఆల్బమ్ చేద్దామని.

స్టూడియోల్లో ఒక పద్ధతుంది. వాయించేవాళ్లకి దారి తెలియాలని ముందుగా ఎవరో ఒకరు పాట పాడి ఉంచుతారు. దాన్ని ట్రాక్ అంటారు. అసలు గాయకుడు పాడాక దాన్ని తీసేస్తారు. మా ట్రాకులు నేనే పాడాను. అన్నయ్య ఎక్కడ ఊపిరి తీస్తాడో, ఏ అక్షరం సాగదీస్తాడో నాకు కొట్టిన పిండి. ఏళ్ల తరబడి ఆయన పక్కన నిలబడి పాడినవాణ్ణి కదా.

మూడో పాట రెండో చరణంలో గొంతు బాగా పైకి వెళ్లాలి. అన్నయ్యకి వెళ్లలేదు. ఆరుసార్లు పాడాడు, పాపం, చొక్కా తడిసిపోయింది. వచ్చినంతే ఉంచెయ్యమని చెప్పి బస్సుకి వెళ్లిపోయాడు. స్టూడియోలో నేనూ రికార్డింగ్ ఇంజనీరూ మిగిలాం. ఆ చరణంలో ఆయన గొంతు తీసేసి నా ట్రాకే ఉంచమన్నాను. ఇంజనీరు నావైపు ఓసారి చూసి, సరేనన్నాడు.

ఎందుకు చేశాను? అదే నాకు ఇప్పటికీ అంతుపట్టదు. పాట బాగుండాలనా? నిజమే. అన్నయ్య పరువు పోకూడదనా? అదీ కొంత నిజమే. కానీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటూ, అబ్బ, ఎంత బాగా పాడానురా అని నాలో నేను మురిసిపోయాను చూశారూ, ఆ మురిపెం సంగతి ఎవరికి చెప్పను? అది జాలి కాదు కదా!

ఆల్బమ్ యూట్యూబ్‌లో పెట్టాం. మిగతా ఏడు పాటల్నీ ఎవరూ పట్టించుకోలేదు. మూడోది మాత్రం ఊళ్లన్నీ పాకింది. సండే స్కూల్ పిల్లలు కూడా పాడేవారు. ఈ వయసులో ఆ గొంతేంటండీ అని అన్నయ్య చేతులు పట్టుకునేవారు జనం. ఆ మెచ్చుకోలంతా పక్కన నిలబడి నేను దొంగచాటుగా తాగేవాణ్ణి. వింతేంటంటే, ఆయనతో పాతికేళ్లు కాపురం చేసిన వదిన కూడా పోల్చుకోలేదు. ఆయనకి మాత్రం అనుమానం వచ్చింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను పక్కకి తీసుకెళ్లాడు.

"ఒరే, ఆ చరణం నిజంగా నేనే పాడానంటావా? నాకలా వచ్చినట్టు గుర్తులేదురా."

"భలేవాడివన్నయ్యా! నువ్వు కాకపోతే ఇంకెవరు? ఆరోసారి అద్భుతంగా వచ్చింది."

ఆయన మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి మంచిపనే చేశాననుకున్నాను, వెధవని.

ఆ తర్వాత ఎక్కడికెళ్లినా అదే పాట పాడమనేవారు. రెండో చరణం దగ్గర గొంతు చీలిపోయేది. రికార్డులో పాడినవాణ్ణి ఇప్పుడెందుకు పాడలేకపోతున్నానని వేడినీళ్లు తాగాడు, మిరియాలు నమిలాడు, కాకినాడలో డాక్టరుకి చూపించుకున్నాడు. ఏమీ లేదన్నారు. ఏడాది తిరక్కుండా పాడటమే మానేశాడు. ఇప్పుడు చర్చిలో అందరితో కలిసి పాడేటప్పుడు కూడా పెదాలు కదుపుతాడంతే.

మొన్న వదిన చెప్పింది. తను ఏదో పాపం చేశాడనీ, అందుకే దేవుడు గొంతు వెనక్కి తీసేసుకున్నాడనీ ఆయన నమ్ముతున్నాడట. అదేం పాపమో అని రోజూ మోకాళ్ల మీద వెతుక్కుంటున్నాడట. చిన్నప్పుడు తన సొంత తమ్ముణ్ణి కొట్టిన దెబ్బ దగ్గర్నించీ అన్నీ ఒప్పుకున్నాడట. అయినా గొంతు రాలేదట.

నేను విని, టీ తాగి, వచ్చేశాను. ఏం మనిషినండీ నేను?

రెండో చరణం పాడింది నేను. ఆయన పోగొట్టుకున్నది ఏమీ లేదు. ఈ రెండు ముక్కలు రాయడానికి తొమ్మిదేళ్లు పట్టింది. రాశాక నాకు కాస్త తేలిగ్గానే ఉంది. ఆయనకి ఇంకా తెలీదు.