నాగమల్లేశ్వరి గారి వుప్పర్టాల్

నాగమల్లేశ్వరి గారు మా వీధికి వచ్చేదాకా అవని నాది.

కన్నది పక్కింటి రష్మి అక్క, కాదనను. కానీ బడి వదిలిన దగ్గర్నుంచి అక్క ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆ ఏడేళ్ళ పిల్ల నా దగ్గరే ఉండేది. నేనే బడిదాకా నడిచి వెళ్ళి తీసుకొచ్చేదాన్ని. టెక్సస్‌లోని మా ఫ్రిస్కోలో కాలినడకన కనిపించేది కుక్కల్ని తిప్పేవాళ్ళూ నేనూ. నాకు డ్రైవింగు రాదు. డిగ్రీ రెండో ఏడాదిలోనే పెళ్ళయి చదువు ఆగిపోయింది. నలుగురిలో నోరు పెగలదు. అవని ముందు మాత్రం గలగలా మాట్లాడేదాన్ని. దసరాకి నా బొమ్మల కొలువు ముందు పాడాలని ఆ పిల్లకి వేసవంతా ఒక హారతి పాట నేర్పాను.

ఆ వేసవిలోనే ఆవిడ జర్మనీ నుంచి దిగారు. భర్త కోటయ్య గారు పోయాక కొడుకు ఈషాన్ తీసుకొచ్చాడు. మొదటిసారి పార్కులో మా బెంచీ మీదికే వచ్చి కూర్చున్నారు.

"ఇదేం ఊరమ్మాయ్, అప్పడంలాగ! ఎక్కుదామంటే ఒక్క మెట్టు లేదు."

"మీ ఊరు ఎలా ఉంటుంది ఆంటీ?" అని అడిగింది అవని. నేను అడగలేదు.

"వుప్పర్టాల్. రెండు పక్కలా కొండలు, మధ్యన సన్నగా వుప్పర్ అనే నది. ఊరంతా ఆ లోయలో ఇరుక్కుని పొడుగ్గా ఉంటుంది. నేల మీద రైలుకి చోటు లేక నది పైన వేలాడదీశారు. పట్టా పైన, బండి కింద. వందేళ్ళు దాటినా ఇంకా నడుస్తోంది."

"వేలాడుతుందా! పడిపోరా?"

"మనుషులు పడరే పిచ్చిదానా. ఒకసారి ఏనుగుపిల్ల పడింది."

అంతే. అవని నా పక్కనుంచి లేచి ఆవిడ పక్కకి వెళ్ళింది. సర్కసు వాళ్ళు ప్రచారం కోసం ఏనుగుపిల్లని రైలెక్కించారట. అది బెదిరి, కిటికీ బద్దలుకొట్టుకుని నదిలోకి దూకిందట. చిన్న గీతలు తప్ప ఏమీ కాలేదట. అబద్ధమేమోనని ఇంటికొచ్చి ఫోన్లో వెతికాను. నిజమే. ఇంకా కోపం వచ్చింది.

ఆ తర్వాత నా ఇంట్లో అన్నం ముద్ద ముద్దకీ వుప్పర్టాలే. "నాగమల్లేశ్వరి ఆంటీ రిబ్బన్లు నేసింది తెలుసా?" తెలుసు. ఆవిడ చీరాల మగ్గాల ఇంట్లో పుట్టారు. కోటయ్య గారి ఉద్యోగం కోసం అంత దూరం వెళ్తే, అక్కడా మగ్గాల చప్పుడే వినిపించిందట. కొండ మీద చిన్న రిబ్బన్ల కార్ఖానాలో పనికి కుదిరారు. రోజూ వీధి మెట్లెక్కి పోవడం. ఆ ఊళ్ళో వీధులు కొన్ని మెట్లేనట. పాతకాలంలో చెక్క చెప్పులతో దిగుతుంటే టిప్ టాప్ మని మోగేవని ఒక మెట్లదారికి ఆ చప్పుడే పేరుగా పెట్టారట. అవని మా ఇంటి మెట్ల మీద టిప్ టాప్ అంటూ దూకుతుంటే నా పాట ఎటు పోయిందో!

దసరా దగ్గరపడ్డాక రష్మి అక్క అంది: "దమయంతీ, పండగయ్యాక అవని నాగమల్లేశ్వరి ఆంటీ దగ్గర ఉంటానంటోంది. ఆవిడని ఇంకా అడగలేదులే, శనివారం నీ పేరంటంలో అడుగుతా. నీకూ రెస్ట్ కదా!"

"సరే అక్కా" అన్నాను. ఆ రెస్ట్ ఏం చేసుకోను? మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా అంత ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చుని గోడలు చూడనా?

శనివారమే అందరి పేరంటమూ. పిలుపులు వాట్సాప్‌లో, కార్లలో ఇంటింటికీ పరుగు. ఆవిడది కూడా ఆ సాయంత్రమే; భర్త పోయినవారన్న పట్టింపు మా వీధిలో ఎవరికీ లేదు. పిలవకపోతే మాట వస్తుంది. పిలిస్తే, ఇంటినిండా జనాన్ని వదిలి రాలేరు, రష్మి అక్క అడగనూ లేదు. ఆ ధైర్యంతోనే కుంకుమభరిణె పట్టుకుని వెళ్ళి మరీ బొట్టు పెట్టి పిలిచాను.

అప్పుడే చూశాను ఆవిడ కొలువు. ఎదురెదురుగా రెండు వరసల మెట్లు, అవే కొండలు. మధ్యన నేల మీద రంగురంగుల చీర పరిచారు, అది నది. అట్లకాడలు తలకిందులుగా నిలబెట్టి, వాటి మీదుగా తాడు కట్టి, దానికి అట్టపెట్టె రైలు వేలాడదీశారు. కొండ మీద వెంకటేశ్వరస్వామి. ఒడ్డున అంగడి శెట్టిబొమ్మ రిబ్బన్లు అమ్ముతోంది. అవని బోర్లా పడుకుని రైలు తోస్తోంది. నేనొచ్చానని తలెత్తి కూడా చూడలేదు.

"నది ఇన్ని రంగులేంటి ఆంటీ?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"ఆ నీళ్ళు నూలు తెల్లబరచడానికి మంచివని ముందు నేతవాళ్ళు చేరారమ్మా. ఆనక అద్దకాలు, రంగుల కార్ఖానాలు. వాళ్ళు ఏ రంగు వదిలితే నది ఆ రంగు. యుద్ధంలో బాంబులు పడి ఊరు తగలబడింది. మళ్ళీ కట్టుకున్నారు. నేను వెళ్ళేసరికి నీళ్ళు శుభ్రం, చేపలు కూడా."

తప్పు వెతికాను. రెండు వైపులా మెట్లు లెక్కపెట్టాను, బేసి సంఖ్యే. మరపాచి చెక్కబొమ్మల జంట పై మెట్టు మీదే ఉంది. ఒక్క వంకా దొరకలేదు.

శనివారం మా ఇంటికొచ్చినవాళ్ళు శనగలు తీసుకుని, "ఆ రైలు చూశావా?" అని నన్నే అడిగి వెళ్ళిపోయారు. రష్మి అక్క ఒక్కతే మిగిలింది. అంతలో నాగమల్లేశ్వరి గారు, అవని చెయ్యి పట్టుకుని, ఆయాసపడుతూ వచ్చారు.

"మీ ఇంటి నిండా జనం కదా ఆంటీ..."

"ఉండనీ. ఈషాన్ పంచుతున్నాడు శనగలు. పొట్లం కట్టడం రాదు, దోసిట్లో పోసేస్తున్నాడు. బొట్టు పెట్టి పిలిచాక రాకపోతే ఎట్లా అమ్మాయ్? ఇదిగో, ఈ పిల్ల అక్కడ పాట ఎత్తుకోబోయింది. ఎవరు నేర్పారే అంటే నీ పేరు చెప్పింది. అయితే అక్కడే పాడాలి పదమని లాక్కొచ్చా."

నాకు ఒళ్ళు మండింది. ఇంత ఊరు చూసి, ఇంతమందిని వెంట తిప్పుకుని, పైగా మంచితనం కూడానా ఈవిడకి!

అవని పాడింది. ఒక్క మాట తప్పలేదు. కళ్ళు మాత్రం ఆవిడ మీదే.

ఆవిడ నా మూడు మెట్ల కొలువు ముందు చాలాసేపు కూర్చున్నారు. "అక్కడ ఏటా పెట్టేదాన్ని. మేమున్న పేటలో రైలు నదిని వదిలి వీధి మీదుగా, మా కిటికీని రాసుకుంటున్నట్టు పోయేది. రైల్లోవాళ్ళయినా చూస్తారని కిటికీ దగ్గర సర్దేదాన్ని. పేరంటానికి ఎవరొస్తారు? శనగలు మేమిద్దరమే తినేవాళ్ళం. చీరాల వదిలాక నన్ను బొట్టు పెట్టి పిలిచింది నువ్వేనమ్మాయ్. ఇక్కడ మిగతావాళ్ళు మెసేజ్ పెట్టారు."

నేను తల దించుకుని తాంబూలం సర్దాను. ఆవిడ రాలేరన్న ధైర్యంతోనే పిలిచానని చెబుతానా?

రష్మి అక్క అడగనే అడిగింది.

"రోజూనా?" ఆవిడ నవ్వేశారు. "కథలంటే ఎన్నయినా చెబుతా. ముద్ద ముద్దకీ బతిమాలడం, హోంవర్కులు చేయించడం నావల్ల కాదు తల్లీ. అది దమయంతి పని."

నెగ్గాను. అవని మొహం చిన్నబోయింది.

సోమవారం బడి దగ్గర అవని నా చెయ్యి వేలికొసలతో పట్టుకుంది. మా వీధి మలుపులో మా ఇల్లు కుడివైపు, ఆవిడ ఇల్లు ఎడమవైపు. పిల్ల ఎడమవైపు చూసి, నేను చూస్తున్నానని చప్పున తల తిప్పుకుంది. ఆ తిప్పుకోవడం చూడలేకపోయాను.

ఎడమవైపే నడిచి, బెల్లు నేనే కొట్టాను.

"ఏం అమ్మాయ్?" అన్నారావిడ.

"ఆ ఊరి సంగతి మొదట్నుంచీ చెప్పండి ఆంటీ. ఇద్దరం వింటాం."

ఆవిడ లోపలికి జరిగారు. ఆవిడ కూర్చునేలోపే నేను సోఫాలో కూర్చుని, అవనిని లాగి నా ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. ఏ ఊరి కథైనా విననీ, నా ఒళ్ళోనే వినాలి.