ఆయన పిలవకముందే వినపడిన పిలుపు

దయ్యాలు, గాలి సోకడాలు నేనెప్పుడూ నమ్మలేదు. మా అత్త తాయెత్తు కట్టుకోమంటే నవ్వేదాన్ని. ఇప్పటికీ నమ్మను. అయినా ఎనభైల చివర్లో ధర్మవరంలో మా ఇంట్లో జరిగింది మాత్రం నాకు అంతుబట్టలేదు.

మా ఆయన పట్టుచీరలు నేసేవాడు. నలభై దాటగానే గుండెపోటు వచ్చింది. ఇప్పుడు వేసే స్టెంట్ల పేరు కూడా అప్పుడు మాకు తెలియదు. బెంగళూరులో గుండె రక్తనాళంలోకి సన్నని బెలూను పంపి అడ్డు తీసినారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నన్ను పక్కకు పిలిచినాడు.

"చూడమ్మా, తెరిచిన నాళం తొందరలోనే మళ్లీ మూసుకుపోవచ్చు. ఈయనకు షుగరుంది, బీడీ అలవాటుంది. రెండూ చేటే. అన్నిటికంటే చేటు మాత్రలు ఆపేయడం."

ఆయన బీడీ మానేసినాడు. ముఖం తేటపడింది. మెల్లగా మళ్లీ మగ్గంలో కూచున్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం నేను, మా ఆడబిడ్డ వెనక వసారాలో పట్టుదారం కండెలకు చుడతాండాము. "లక్ష్మీ, ఎదమీద బండ పెట్టినట్టుండాది, రావే" అని ఆయన గొంతు వినపడింది.

ఆడబిడ్డ కండె కింద పడేసి, "వదినా, అన్న పిలుస్తాండాడు!" అనింది.

ఇద్దరం పరిగెత్తినాం. ఆయన నింపాదిగా నేస్తాండాడు.

"ఏమయ్యా, పిలిచినావా?"

"నేనెందుకు పిలుస్తా? నాకేమైంది?"

ఎందుకో మాత్రల డబ్బా తీసి చూసినా. నిండుగా ఉండాది. గట్టిగా అడిగితే చెప్పినాడు. కడుపులో మంటగా ఉంటే, ఎట్లాగూ బాగయ్యింది కదా అని మానేసినాడంట.

"ఇప్పుడే అనంతపురం పోదాం, లెయ్" అన్నా.

"నీకేమన్నా పిచ్చా? నొప్పే లేదు కదా!"

ఆడబిడ్డ ఏడుపు చూసి లేచినాడు. జీపు మాట్లాడుకుని పోయినాం. దారిలో బత్తలపల్లె దాటినా నన్ను తిట్టడం ఆపలేదు.

ఆసుపత్రిలో డాక్టరు నాడి చూస్తాండగా ఆయన ముఖమంతా చెమట పట్టింది. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"లక్ష్మీ, ఎదమీద బండ పెట్టినట్టుండాది, రావే."

పక్కనే నిలబడి ఉన్నదాన్ని 'రావే' అన్నాడు.

వెంటనే సూదిమందులు వేసినారు. కాస్త నిలదొక్కుకున్నాక బెంగళూరులో మళ్లీ నాళం తెరిచినారు. తిరిగొచ్చి చూపించుకుంటే, ఆ పొద్దు ఇంట్లోనే ఉండుంటే దక్కేవాడు కాదని అనంతపురం డాక్టరు చెప్పినాడు. ఆ మాట విన్నాక ఆసుపత్రి వరండాలో కూచుని, అన్నాళ్లూ బిగబట్టిన ఏడుపంతా ఏడ్చేసినా.

తర్వాత ఆయన మాత్ర మానలేదు. మా కూతురి పెళ్లిచీర తన చేత్తోనే నేసినాడు.

వీధిలో ఎవరో అరిచినారనుకుందామంటే, నా పేరు పెట్టి, ఆయన గొంతుతో ఎవరు అరుస్తారు? నా ఒక్కదాని భ్రమ అనుకుందామంటే ఆడబిడ్డకూ వినపడింది. మేమిద్దరం ఇన్నేళ్లుగా మాట్లాడుకుంటానే ఉన్నాం, జవాబు దొరకలేదు. ఈ పొద్దున పప్పులో ఉప్పు లేదని ఆయన నామీద కేకలేసినాడు. నాకు కోపం రాలేదు.