సాంతో నిన్యోకి దిష్టి చుక్క

మద్రాసు వాషర్‌మెన్‌పేటలో దేవుళ్ళ బట్టలన్నీ మా మేనత్త అలివేలుమంగ కుట్టేది. మనుషులవి కుట్టమంటే మొహం చిట్లించేది. "మనుషులు లావవతారు, సన్నబడతారు. దేవుళ్ళు ఒక్క కొలత మీద నిలబడతారు" అనేది. స్నానం చేయించకుండా దేవుడికి కొత్తబట్ట కట్టడం మహాపాపమని ఆవిడ నమ్మకం. కాదన్నవాడికి ఆ రోజు కాఫీ దక్కేది కాదు.

యాభై నాలుగులో ఆవిడ మేడ మీద రోసారియో అనే ఫిలిప్పీన్స్ ఆవిడ అద్దెకు దిగింది. మొగుడు రమోన్ మౌంట్ రోడ్డు హోటల్లో బ్యాండులో బాకా ఊదేవాడు. ఇంట్లో పంది మాంసం వండకూడదన్నది అత్త షరతు. బయట తినొస్తే వాసన పట్టించుకోకపోవడం ఆవిడ మంచితనం.

రోసారియో దగ్గర మూరెడు చెక్క బొమ్మ ఉండేది. సాంతో నిన్యో, అంటే పసిబాలుడైన ఏసు. పెళ్ళికి అమ్మమ్మ ఇచ్చింది. జనవరిలో ఆయన పండగ. ఊళ్ళో ఉన్న ఫిలిప్పీన్స్ బ్యాండువాళ్ళంతా పెళ్ళాంపిల్లలతో వచ్చేవాళ్ళు. బాలుణ్ణి ఎత్తుకుని, డోలు దెబ్బకి రెండడుగులు ముందుకీ ఒకటి వెనక్కీ వేస్తూ సందంతా ఆడేవాళ్ళు.

వాళ్ళు దిగాక వచ్చిన మొదటి పండగ ముందురోజు రోసారియో ఏడుస్తూ మేడ దిగింది.

"మంగక్కా, నిన్యో ఎర్ర అంగీ ఎలక కొరికేసింది!"

"దానికేడుస్తారా? బిడ్డని ఈడ పెట్టి పో. సాయంత్రానికి కుట్టి ఇస్తా."

కుట్టింది, రాజకుమారుడికి కుట్టినట్టు. కానీ ముందు స్నానం ఉంది కదా! అత్త ఎరిగిన దేవుళ్ళందరూ రాతివాళ్ళు, పంచలోహంవాళ్ళు. చెక్క దేవుడికీ అదే మర్యాద చేసింది. నువ్వులనూనె పట్టించి, సున్నిపిండితో నలుగు పెట్టి రుద్దింది. కుడి బుగ్గ ఎరుపు కాస్తా ఆవిడ అరచేతిలోకి వచ్చేసింది. కింద తెల్లటి చెక్క!

పరాయి పిల్లకి వాళ్ళ అమ్మమ్మ ఇచ్చిన దేవుణ్ణి పాడుచేశాను, ఇక రోసారియో నా మొహం చూడదు అని అత్త వంటింట్లో కూలబడి ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని కాటుక భరిణె తీసింది. తెల్లమచ్చ మీద రేగిపండంత చుక్క పెట్టింది.

"ఇదేంటక్కా?" అంది రోసారియో సాయంత్రం.

"దిష్టి చుక్క. రేపు అంతమంది చూస్తారు గదా, బిడ్డకి కన్ను తగలదా?"

రోసారియో చుక్కని చూసింది, అత్తని చూసింది. "మా ఊళ్ళోనూ పసిబిడ్డలకి కన్ను తగులుతుంది. మేం ఉమ్మి రాస్తాం. నీ చుక్కే బాగుంది" అని, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని మేడెక్కింది.

తెల్లారి అత్త ప్రాణం మీదికొచ్చింది. వచ్చినవాళ్ళంతా చేతిరుమాళ్ళు తీశారు. బాలుడి మొహం తుడిచి ఆ గుడ్డ కళ్ళకద్దుకోవడం వాళ్ళ ఆచారమట. అత్త మధ్యలో దూరింది.

"మొహం తాకబాకండి! ఈడ దేవుడి పాదాలే తాకాల!"

రోసారియో ఆ మాట వాళ్ళ భాషలో చెప్పింది. అందరూ బుద్ధిగా పాదాలే తుడిచారు. అత్త గొడుగు పట్టుకుని, బుగ్గ మీంచి కన్ను తిప్పకుండా, రెండు ముందుకీ ఒకటి వెనక్కీ సందంతా నడిచింది.

ఎదురింటి వరదయ్య అరుగు మీంచి కేకేశాడు. "ఏం మంగా, మతం మారిపోయినావా?"

"నోర్ముయ్! బిడ్డకి ఎండ తగులతా ఉండాది."

తర్వాత ప్రతి జనవరిలోనూ చుక్క అత్తే పెట్టేది. యాభై ఎనిమిదిలో రమోన్‌కి సొంతూళ్ళో ఉద్యోగం దొరికింది. హార్బరులో ఓడ దగ్గర అత్త ఇక ఆపుకోలేకపోయింది.

"రోసారీ, బిడ్డ బుగ్గ రంగు పోగొట్టింది నేనే. నలుగు పెట్టినా."

రోసారియో పెట్టె మీద కూర్చుని పగలబడి నవ్వింది.

"అది రంగు కాదక్కా, లిప్‌స్టిక్! నిన్యోని నేనే ఒకసారి కింద పడేసినా. బుగ్గ గీరుకుపోయింది. అమ్మమ్మ చెవిన పడకుండా ప్రతి పండక్కీ, రుమాళ్ళతో తుడిచినప్పుడల్లా మళ్ళీ పూస్తా వచ్చినా. నీ చుక్కతో నాకా పని తప్పింది."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేమే?"

"చెబితే నువ్వు చుక్క పెట్టడం మానేస్తావు గదా."

"పాపిష్టిదానా, నాకు నిద్ర లేకుండా చేసినావు గదే!" అని అత్త తిట్టింది. తిడుతూనే ఏడ్చింది. నడుముకి దోపుకున్న కాటుక భరిణె తీసి, ఈసారి రోసారియో బుగ్గ మీద పెట్టింది చుక్క.