పడవ వచ్చిన చప్పుడు

మా పక్కింటి పెద్దమ్మ మొన్న గురువారం పొద్దున్నే పోయింది. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకి ఆనుకుని కూర్చున్న మనిషి అలాగే ఉండిపోయిందట. అమ్మ ఫోన్ చేసేసరికి నేను స్కూల్లో పాఠం చెబుతున్నాను. పెద్దమ్మ లేదే అంది, అంతే. ఈ ఆదివారం సినిమా ఇక ఎవరికి చెప్పాలి అనిపించింది నాకు ముందుగా. చావు కబురు వినగానే సినిమా గుర్తుకు రావడమేమిటని మీరనుకోవచ్చు. మా వీధిలో మాత్రం ఎవరూ అనుకోరు.

అనకాపల్లి బెల్లం మార్కెట్‌కి వెనక వీధి మాది. పెద్దమ్మ వాళ్ళది బెల్లం వ్యాపారం. మా చిన్నప్పుడు వీధి మొత్తానికి టీవీ వాళ్ళింట్లోనే ఉండేది. ఎండాకాలం ఆదివారాలు మధ్యాహ్నం పూట ప్రభుత్వ ఛానెల్‌లో పాత సినిమాలు వచ్చేవి. ఒక వారం బెంగాలీ, ఒక వారం మలయాళం, ఒక్కోసారి సింహళం. అన్నీ నలుపు తెలుపు బొమ్మలే. సరిగ్గా ఆ రోజుల్లోనే దేవరాపల్లి వైపు నుంచి చింతపండు బస్తాలు దిగేవి. వీధిలో ఆడవాళ్ళందరూ పెద్దమ్మ వాళ్ళ ముందుగదిలో చేరి, చింతపండు రాళ్ళ మీద పెట్టి, చిన్న కర్రలతో కొట్టి పిక్కలు తీసేవారు. పాత సినిమా అంటే నాకిప్పటికీ నోట్లో పులుపు ఊరుతుంది.

ఆ భాషలు ఎవరికీ రావు. తెర కింద ఇంగ్లీషు అక్షరాలు వచ్చిపోతుండేవి, అవీ ఎవరికీ అక్కర్లేదు. కథ పెద్దమ్మ చెప్పేది. మొదట్లో అది వాళ్ళ అత్తగారి కోసం మొదలైంది. ఆవిడని మేమంతా మామ్మ అనేవాళ్ళం. మామ్మకి అప్పటికే రెండు కళ్ళూ కనపడవు. కోడలు పక్కన కూర్చుని బొమ్మ చూసి చెబుతుంటే ఆవిడ వినేది, ఆవిడతో పాటు మేమూ వినేవాళ్ళం. పెద్దమ్మ చెప్పే కథలో బెంగాలీ జమీందారు పాయకరావుపేట లారీల షావుకారైపోయేవాడు. వాడి పెళ్ళాం అలిగితే అది పూడిమడక నుంచి మంచి చేపలు రాకపోబట్టే. కథానాయకుడు చెట్టు కింద ఊరికే నిలబడి ఉంటే, పనీపాటూ లేదేటి వీడికని తిట్టేది. సినిమా మరీ నత్తనడక నడుస్తోందని ఎవరైనా విసుక్కుంటే మాత్రం ఊరుకునేది కాదు. "బొమ్మ నెమ్మదిగా ఉంటే మనవూ నెమ్మదవ్వాల" అనేది. ఆ మాట నేను తర్వాత చాలా చోట్ల వాడుకున్నాను, క్లాసులో కూడా.

ఒక సినిమా ఉంది. పేరు మాలో ఎవరికీ తెలియదు. పెద్ద నది, ఒడ్డున ఒక తల్లి. కొడుకు నది దాటి పనికి వెళ్ళిపోతాడు. ఆవిడ రోజూ సాయంత్రం రేవుకొచ్చి నిలబడుతుంది. అది మొదటిసారి వచ్చినప్పుడు గదిలో ఒక్కొక్కరే మాటలు ఆపేశారు. ఎందుకంటే మామ్మ చిన్నకొడుకు కూడా కొట్లో తండ్రితో మాటా మాటా పెరిగి ఇల్లు వదిలి వెళ్ళినవాడే. ఆ తర్వాత అతని కబురే లేదు. సినిమా ఆఖరికొచ్చింది. నది మీద మంచు మెల్లగా విడిపోతోంది. పెద్దమ్మ గొంతు ఆగింది.

"వచ్చేడేటే?" అని అడిగింది మామ్మ.

"వత్తన్నాడత్తా. అదిగో, పడవ కనపడతంది. తెల్లసొక్కా ఏసుకున్నాడు."

నేను టీవీ వైపు చూశాను. పడవ లేదు, మనిషి లేడు, నీళ్ళే ఉన్నాయి. ఆ మాట అనబోయి నోరు తెరిచేసరికి అమ్మ ఇంత చింతపండు నా నోట్లో కుక్కింది. గదిలో ఒక్కరూ తల ఎత్తలేదు. ఒక్క కర్రా కదల్లేదు. ఆ తర్వాత ఇంకా కొన్ని ఎండాకాలాలు ఆ సినిమా వచ్చింది. వచ్చిన ప్రతిసారీ అందరి తలలూ వంగేవి, పడవ ఒడ్డుకి చేరేది.

మామ్మ పోయింది. ఇంటింటికీ టీవీలు వచ్చాయి. పెద్దమ్మకి షుగరొచ్చి, మెల్లగా ఆమె కళ్ళూ పోయాయి. ఈమధ్య ఏదో ఛానెల్‌ వాళ్ళు ఎండాకాలం ఆదివారాల్లో మళ్ళీ ఆ పాత సినిమాలు వేయడం మొదలుపెడితే, చెప్పే పని నాకొచ్చింది. నేను ఇంగ్లీషు చదివి ఉన్నదున్నట్టు చెబితే ఆమెకి నచ్చేది కాదు. నీ కత ఉప్పు లేని పప్పులాగుందని వెక్కిరించేది. నాకు నిజంగానే చెప్పడం రాదు, ఆమె దగ్గర నేర్చుకుంటున్నాననుకునేదాన్ని.

ఈ ఎండలు మొదలయ్యే రోజుల్లో ఆ నది సినిమా వచ్చింది. నేను చెప్పకముందే, మొదట్లో వచ్చే కాకుల అరుపు విని గుర్తుపట్టేసింది. ఇది మా అత్త బొమ్మ కదే అంది. ఆఖరికి మంచు విడిపోవడం మొదలైంది. ఏమొస్తుందో ఆమెకి తెలుసు, తన కళ్ళతో చూసిందే. అయినా నా నోటితో నది ఖాళీగా ఉందని అనలేకపోయాను.

"వత్తన్నాడు పెద్దమ్మా. పడవ కనపడతంది" అన్నాను.

ఆమె చెవి టీవీ వైపు పెట్టి చాలాసేపు విన్నది.

"ఇందులో తెడ్డు సప్పుడే లేదే పిల్లా" అంది. "పడవొత్తే తెడ్డు సప్పుడుండాల కదా. నాకు కళ్ళున్నన్నాళ్ళూ ఇది తట్టలేదు. అత్తకి మొదట్రోజే తెలిసిపోయుంటాది."

ఆమె ముఖం మీద నవ్వో ఏడుపో తెలియని ఒక మెత్తదనం.

"నానేదో ఆవిడికి కత సెప్తన్నాననుకున్నాను. ఆవిడే నా సేత సెప్పించుకునీది." నా చెయ్యి వెతికి పట్టుకుంది. "సర్లే గానీ, సొక్కా ఏ రంగుదే?"

"తెల్లదే పెద్దమ్మా."

ఆమె తల ఊపింది. నాకు ఆమె మీద అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఇదంతా అమ్మకి చెప్పుకుని ఏడ్చాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాం. మైల ఇల్లు కాబట్టి టీవీ పెట్టలేదు. ముందుగదిలో పెద్దమ్మ తెప్పించిన చింతపండు బస్తా సగం పని జరిగి అలాగే ఉంది. పాడైపోతుందని అమ్మా, వీధిలో మిగిలిన పాత ఆడవాళ్ళూ చుట్టూ కూర్చున్నారు. పెద్దమ్మ కూర్చునే చోటు గోడ పక్కన ఖాళీగా వదిలారు. కాసేపు కర్రలు రాళ్ళ మీద ఆడాయి. చివరికి అమ్మే అంది, సెప్పవే అని.

ఆర్పేసిన టీవీ వైపు తిరిగి నది సినిమా చెప్పడం మొదలుపెట్టాను. తొందరపడలేదు. కాకులు అరిచాయన్నాను. తల్లి రేవుకొచ్చిందన్నాను. మంచు విడిపోతోందన్నాను. అందరి తలలూ వంగాయి, కర్రలు ఆగాయి. పడవ కనపడుతోందన్నాను.

అప్పుడు అమ్మ కర్ర ఎత్తి రాయి మీద ఒక దెబ్బ వేసింది. కాస్త ఆగి ఇంకొకటి. పక్కావిడ అందుకుంది, ఆ పక్కావిడ కూడా. తల ఎత్తకుండా, ఒకే వరసలో, నెమ్మదిగా ఒడ్డు వైపు.