చిల్లు లేని ఆకు

బ్రాడీపేటలో తోపుడు బండి మీద గలిజేరు ఆకుకూర కట్టలు కనబడితే చాలు, నా చెయ్యి ఊరుకోదు. ఒక ఆకు నలిపి వాసన చూస్తాను. తడిమట్టి వాసనైతే సరే, ఘాటుగా ఇంకేదైనా తగిలితే కట్ట అక్కడే పెట్టేస్తాను. ఈ అనుమానపు జబ్బు నాకు అంటించింది సుభాషిణి మేడమ్. ఫార్మసీ కాలేజీలో నా పరిశోధనకు గైడు ఆవిడే.

కిడ్నీకి రక్తం కాసేపు ఆగితే ఒక దెబ్బ, మళ్లీ ఒక్కసారిగా వస్తే ఇంకో దెబ్బ. ఎండిన చేలోకి కాలవ వదిలితే గట్లు తెగినట్టు. గలిజేరులోని పదార్థాలు ఆ నష్టాన్ని తగ్గిస్తాయేమోనని ఎలుకల మీద చూస్తున్నాం. మొదటి ఫలితాలు అద్భుతంగా వచ్చాయి. గంతులేస్తూ వెళ్లి చూపిస్తే మేడమ్ మొహం చిట్లించారు.

"ఇంత బాగా ఎందుకొచ్చిందమ్మాయ్? ఏ ఎలుకకి కషాయం పోశావో తెలిసే చూశావుగా. ఏ ఎలుక ఏదో తెలియకుండా గుర్తులు దాచి, ఇంకొకరి చేత పరీక్ష చేయించు."

నాకు ఒళ్లు మండింది. నాకు పేరొస్తుందని ఈవిడకి కుళ్లు అనుకున్నాను. ఇంకొకరు చూసినా మేలు కనిపించింది గానీ, నేను చెప్పుకున్నంత లేదు.

అప్పుడే పర్చూరు దగ్గర మిరప వేసే మా నాన్నకి కిడ్నీలో గడ్డ బయటపడింది. ఆయనకి పనిచేసేది ఆ ఒక్క కిడ్నీయే. రక్తం కాసేపు ఆపి గడ్డ తీయాలన్నారు డాక్టరు గారు. నా పరిశోధన సంగతి విన్న నాన్న, ఎవరికీ చెప్పకుండా చేను గట్టు మీది గలిజేరు కాచుకుని తాగడం మొదలుపెట్టాడు. ఒకరోజు ఆ ఆకే సంచిలో వేసుకుని, మంచిదో కాదో చూడమంటూ కాలేజీకి వచ్చేశాడు.

మేడమ్ ఒక రెమ్మ వెలుగుకెత్తి తిప్పి తిప్పి చూశారు.

"పురుగుమందు కొట్టారాండీ?"

"చేలో కొట్టామండి, గట్టు మీద కాదుగా. నెలైపోయింది కూడాను."

"మరి ఒక్క ఆకుకీ చిల్లు లేదేం? పురుగే ముట్టని ఆకు మీరెందుకు ముట్టారు?"

నాన్న మొహం ఎర్రబడింది. "మీరు ఎలుకలకి పోయొచ్చు గానీ నేను తాగకూడదా అండీ?"

"మేం పోసింది మేం పెంచిన మొక్కదండీ. అది కూడా మనిషికి పనిచేస్తుందని నేనింకా నమ్మట్లేదు. తాగడం ఆపి, ముందు రక్తపరీక్ష చేయించండి."

పరీక్షలో, కిడ్నీ దెబ్బతింటే పెరిగే క్రియాటినిన్ బాగా ఎక్కువగా ఉంది. కషాయమా, పురుగుమందా, గడ్డా, ఏది కారణమో డాక్టరు గారు తేల్చి చెప్పలేకపోయారు. "ఈ స్థితిలో రక్తం ఆపి ఉంటే కిడ్నీ మిగిలేది కాదేమో," అని మాత్రం అన్నారు. ఆపరేషన్ వాయిదా పడింది. కషాయం మానేశాక నెమ్మదిగా తగ్గింది, అప్పుడు చేశారు. ఇంటికి వస్తూ ఆటోలో నాన్న నా వైపు చూడకుండా, "మందు కొట్టి వారం కూడా కాలేదమ్మా అప్పటికి," అన్నాడు.

కన్నతండ్రి మాటని నేను నమ్మాను. ఆవిడ ఆకుని అడిగారు.

తర్వాత కొన్నాళ్లకి మేడమ్ పోయారు. ఇప్పుడు బండివాడు, "మచ్చ లేని ఆకమ్మా, తీసుకోండి," అని పైకట్ట అందిస్తే, నేను అడుగునున్న చిల్లుల కట్ట లాగుతాను. వాడు నవ్వుకుంటాడు. ఇంటికి ఏ ఆకుకూర తెచ్చినా నాన్న కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుని చూస్తాడు.

"చిల్లులున్నాయి. మీ మేడమ్ గారు ఒప్పుకునేవారంటావా?"

"ఒప్పుకోరు నాన్నా."

"అయితే ఇంకోసారి కడుగు."