ఆకాశం చూసిన కోడెలు

మార్లా కుచెరా ఇరవై రెండేళ్లుగా మా నెబ్రాస్కా దొడ్లలో గుర్రమెక్కి తిరుగుతూ జబ్బుపడ్డ పశువులను పట్టుకునేది. ఆ జనవరి మధ్యాహ్నం గాలి లేదు. ఇథనాల్ మిల్లు నుంచి వచ్చిన మొక్కజొన్న పిప్పి తొట్లలో ఆవిరి కక్కుతోంది. తొమ్మిదో దొడ్లో మాత్రం పదకొండు కోడెలు మేతకు రాలేదు. మెడలు చాచి, రెప్ప వేయకుండా ఆకాశంలోకి చూస్తున్నాయి. మార్లా కూడా తలెత్తి చూసింది. పైన ఏమీ లేదు.

మేత లారీ నడిపే డ్వేన్ నవ్వాడు. "ఏంటి మార్లా, మంచు ఎప్పుడు పడుతుందో లెక్కేస్తున్నాయా?"

ఆమె ఒకదాని కంటి ముందు చెయ్యి ఆడించింది. "నవ్వకు డ్వేన్. వీటికి చూపు పోయింది."

"నిన్న బానే తిన్నాయిగా."

"ఆ తిన్నదే కొంప ముంచింది. లారీ ఆపి డాక్టర్ని పిలువు."

పిప్పిలోనూ బోరు నీళ్లలోనూ గంధకం ఎక్కువై మెదడు దెబ్బతిందన్నాడు పశువుల డాక్టరు. అతను విటమిన్ సూదులు వేస్తుంటే, కంచెకు నుదురు అదిమిపెట్టి నిలబడ్డ కోడెలను మార్లా ఒక్కొక్కటిగా పట్టుకుంది. ఒక్కటీ పెనుగులాడలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. మూడు రోజులకు ఎనిమిదింటికి చూపొచ్చింది, మూడు చచ్చిపోయాయి. మేతలో పిప్పిని సగానికి తగ్గించారు.

ఆ చలికాలమంతా మార్లా ప్రతి దొడ్డి గేటు దగ్గరా ఆగి ముందు చప్పుడు లేకుండా చెయ్యి ఊపేది. అన్ని తలలూ తనవైపు తిరిగాకే లోపలికి వెళ్లేది.