తాతకు పెట్టిన పథ్యం

మొన్న ఫోరస్ రోడ్డులో పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయనను చూడటానికి వెళితే, గుమ్మం దగ్గరే వాము వేసిన పలుచటి గంజి వాసన తగిలింది. ఇన్నేళ్లయినా ఆ పథ్యం పోలేదు. అందుకే, డాక్టరును కాకపోయినా, ఏడో తరగతితో బడి మానేసి మిగిలిన చదువంతా లైబ్రరీ బల్లల మీదే చదువుకున్న నేను ఇది రాసిపెడుతున్నాను.

ఎనభైలలో కామాటిపురాలో వరుస గదుల మా చాల్ మూడో అంతస్తులో, ఒకే గది ఉన్న ఖోలీలో ఆరుగురం ఉండేవాళ్లం. వానాకాలమంతా వరండా పొడవునా ఆరని చీరల చెమ్మ వాసన, ఎండుచేపలు కాల్చిన వాసన. మా తాత సాయన్న తాపీమేస్త్రీ. సాయంత్రం పని నుంచి వచ్చి, సిమెంటుకు పగిలిన చేతులకు కొబ్బరినూనె రాసుకుంటూ, మా గచ్చకాయల ఆటలో తగవులు తీర్చేవాడు. ఒక ఎండాకాలం పొద్దున ఆ కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట ముద్దయింది.

ఆసుపత్రి నుంచి తెచ్చాక మా అవ్వ నర్సవ్వ పథ్యం పట్టింది. పాలమూరు నుంచి వచ్చినప్పుడు బట్టల మూటతో పాటు తెచ్చుకున్న నమ్మకం అది: పప్పు వాతం, గుడ్డు వేడి, మాంసం విషం. మూడు పూటలా గంజే. అది పొలమారి తాత దగ్గేవాడు, సగం గడ్డం మీదుగా కారిపోయేది. ఆసుపత్రిలో నేర్పినట్టు నాన్న రోజూ వరండా కడ్డీ పట్టించి నిలబెడితే, మోకాళ్లు వణికి కూలబడేవాడు. మందులు పనిచేయడం లేదనుకున్నాం.

ఆషాఢంలో బోనాలు వచ్చాయి. ప్రతి ఖోలీ నుంచీ మసాలా నూరే చప్పుడు, మేకకూర ఉడికే వాసన. తాతకు ఆ వాసన తగలకూడదని అవ్వ గుమ్మానికి తడిచీర కట్టింది. తాత గోడవైపు తిరిగి ఏడ్చాడు. ఆ ఏడుపు విని, పక్క ఖోలీలో ఉండే ఆసుపత్రి ఆయా ఎల్లమ్మత్త లోపలికి వచ్చింది. తాత ఎడమచెయ్యి ఎత్తి చూసింది. బాగున్న చెయ్యే, ఎముక తేలి ఉంది.

"గీ చెయ్యికేమైందే నర్సక్కా? దీనికి గూడ పచ్చవాతమొచ్చిందా?"

"పత్తెముంటే గట్లనే అయితది. నీకేం ఎర్క?"

"అవ్, అంత నీకే ఎర్క! ఒంట్ల సత్తువ లేకుంట యాడికెల్లి నిలబడ్తడు? సిమెంటు లేకుంట ఉత్త నీళ్లతోని గోడ లేస్తదా? మేస్త్రిని అడుగు!"

తాత నవ్వాడు, ఒక్క పక్క పెదవితోనే. రెండు నెలల్లో అదే మొదటి నవ్వు. అవ్వ గుమ్మానికి కట్టిన తడిచీర విప్పేసింది.

ఎల్లమ్మత్త తాతను గోడకానించి నిటారుగా కూర్చోబెట్టి, పప్పు, గుడ్డు అన్నంలో మెత్తగా మెదిపి, చెంచాతో కొంచెం పెట్టి, అది మింగాకే ఇంకొంచెం పెట్టింది. పొలమారలేదు. మరునాటి నుంచి అవ్వే అలా పెట్టింది. బతుకమ్మ నాటికి తాత కడ్డీ పట్టుకుని వరండా చివరి నల్లా దాకా నడిచాడు, వెనకాల పిల్లలమందరం ఊరేగింపు. కుడిచెయ్యి మాత్రం మళ్లీ తాపీ పట్టలేదు.

తాత పోయిన చాలా ఏళ్లకు, దాదర్‌లో ఒక లైబ్రరీలో వైద్య పుస్తకం చదివాను. తిండి చాలని ఒళ్లు తన కండనే కరిగించుకుంటుందని, కండ లేనిదే ఎంత నడక నేర్పినా ఫలం తక్కువని, ఎక్కువగా కోలుకునేది మొదటి నెలల్లోనేనని ఉంది. గర్వంగా ఇంటికొచ్చి అవ్వకు అదంతా చెప్పడం మొదలుపెట్టాను. అవ్వ నడుమనే ఆపింది.

"మొదట్లనే పెట్టుంటే ఆ చెయ్యి లేస్తుండెనా బిడ్డా?"

"పుస్తకంల గది రాయలే అవ్వా" అన్నాను.

ఇప్పుడా చాల్ లేదు. నల్లా దాకా సాగిన ఆ వరండా లేదు. తాతను నిలబెట్టిన ఎల్లమ్మత్తకు, రోజూ కడ్డీ దాకా మోసిన నాన్న రాములుకు, అడిగిన పుస్తకమల్లా దించి ఇచ్చిన లైబ్రరీ శాంతారాం గారికి నా దండాలు. అందరికన్నా నర్సవ్వకు. ఆ తర్వాత చాల్‌లో ఎవరికి పక్షవాతం వచ్చినా, కొంగున రెండు గుడ్లు కట్టుకుని మొదట ఆ గడప తొక్కింది ఆమే.

ఫోరస్ రోడ్డు పెద్దాయన ఇంటికి నిన్న నేనూ అలాగే, రెండు గుడ్లతో మళ్లీ వెళ్లాను.